టికెట్టు ఉచితం, గొడుగు కొసరు

తూత్తుకుడిలో అప్పట్లో ఓడ ఒడ్డుదాకా వచ్చేది కాదు. నీళ్ల లోతు చాలదు. సముద్రంలో దూరంగా లంగరు వేస్తే జనం పడవల మీద వెళ్లి ఎక్కాలి. 1907లో ఆ రేవులో ఒక ఉదయం ఇలా గడిచి ఉంటుంది. కోవిల్‌పట్టి పక్క నల్లరేగడి పల్లె నుంచి సిలోను తోటలకు బయల్దేరిన మామా అల్లుళ్లు మూటలు దింపుకుని నిలబడ్డారు.

"మన ఓడకు అర్ధరూపాయంట, మామా."

"దొరల ఓడకో?"

"ఏమీ వద్దంట. పైగా గొడుగు చేతికిస్తారంట."

మామ సముద్రం వైపు చూశాడు. "అర్ధరూపాయి రావాలంటే ఎంత కలుపు తియ్యాలో నీకు తెల్సునా?"

ఈ ఇద్దరూ నా ఊహ. గొడుగు మాత్రం నిజం. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ కొలంబో చార్జీని రూపాయికి దించింది. పోటీ కంపెనీ అర్ధరూపాయికి దించింది. దాంతో బ్రిటిష్ కంపెనీ టికెట్టే ఎత్తేసి, ఎక్కినవాడికి గొడుగు కొసరిచ్చింది. అవతలి పక్షాన ఉన్నది స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ. దాన్ని నిలబెట్టినవాడు ఒట్టపిడారంలో పుట్టిన ప్లీడరు వ.ఉ. చిదంబరం పిళ్లై.

ఒట్టపిడారం అంటే కట్టబొమ్మన్ ఏలిన పాంచాలంకురిచ్చికి పక్క ఊరు. ఎట్టయాపురం అక్కడికి దగ్గరే. పాంచాలంకురిచ్చి, ఎట్టయాపురం పాళెగాళ్ల వంశాలు రెండూ తెలుగువే. చిదంబరం తండ్రి ఉలగనాథ పిళ్లై కూడా వకీలే. ఎట్టయాపురంలోని చిన్నస్వామి అయ్యర్‌తో, అంటే కవి సుబ్రహ్మణ్య భారతి తండ్రితో, ఆయనకు స్నేహం. ఆ అయ్యర్ ఎట్టయాపురంలో పత్తి మిల్లు పెట్టి, అది మునిగి, ఉన్నదంతా పోగొట్టుకుని 1898లో కన్నుమూశాడు. ఈ నేల మీద సొంత పెట్టుబడి పెడితే ఏమవుతుందో చిదంబరానికి ఇంటి స్నేహితుల కథలోనే తెలుసు.

అయినా దిగాడు. మొదట బొంబాయి షా లైను ఓడలు అద్దెకు తెచ్చి నడిపారు. బ్రిటిష్ కంపెనీ ఒత్తిడి తెచ్చేసరికి ఆ ఓడలు వెనక్కి పోయాయి. కొలంబో నుంచి ఇంకో ఓడను అద్దెకు తీసుకుని సర్దుకున్నారు. కాగితం మీద అద్దె ఒప్పందం ఎంత గట్టిగా రాసుకున్నా, ఓడ ఇచ్చినవాడు బెదిరితే అది తెగుతుంది. ఆ పాఠం ప్లీడరుకు వెంటనే ఎక్కింది. సొంత ఓడ ఉండాలి, దానికి కంపెనీ ఉండాలి.

1906 అక్టోబరు 16న కంపెనీ రిజిస్టరయింది. మూలధనం పది లక్షలు: 25 రూపాయల షేర్లు 40,000. అధ్యక్షుడు అరుప్పుకోట్టై దగ్గరి పాలవనత్తం జమీందారు పాండిత్తురై తేవర్. మదురై తమిళ సంఘాన్ని మళ్లీ నిలబెట్టింది ఆయనే. హాజీ మహమ్మద్ ఫకీర్ సేట్ ఒక్కడే 8,000 షేర్లు, అంటే రెండు లక్షల రూపాయలవి, తీసుకున్నాడు. 1882 కంపెనీల చట్టం ఇచ్చే వరం ఏమిటంటే, 25 రూపాయలు కట్టినవాడి పూచీ 25 రూపాయలతోనే తీరుతుంది. ఓడ మునిగినా, కంపెనీ మునిగినా వాడి ఇంటి గిన్నెల జోలికి ఎవరూ రారు. చిల్లర వర్తకులనూ రైతులనూ ఓడకు యజమానులను చేసింది ఆ ఒక్క ఏర్పాటే. ఉపన్యాసాల కంటే అదే ఎక్కువ పనిచేసిందని నా అనుమానం.

1907 మేలో గాలియా, లావో అనే రెండు ఓడలొచ్చాయి. ఒక్కోదానిలో 1,300 మంది మామూలు ప్రయాణికులకూ 4,000 బస్తాల సరుకుకూ చోటుంది. ఊరూరా సంబరం జరిగింది. ఆ వెనకే గొడుగులు వచ్చాయి.

ఇక్కడ ఒక ప్రశ్న. వకీలు కదా, చార్జీ సున్నా చేసి తన కంపెనీని చంపుతున్నారని కోర్టుకెందుకు పోలేదు? పోయినా దక్కేదేమీ లేదు. చైనా తేయాకు రవాణాలో జట్టు కట్టిన ఓడల యజమానులు, జట్టులో చేరని మొగల్ స్టీమ్‌షిప్ కంపెనీని తరిమేయడానికి హాంకౌ రేవులో అద్దెలు నష్టానికి దించారు. మొగల్ కంపెనీ దావా వేసింది. 1891 డిసెంబరులో లండన్‌లో ప్రభువుల సభ తీర్పు చెప్పింది: అది పోటీయే, నేరం కాదు, నష్టపరిహారం లేదు. తూత్తుకుడి ప్లీడరు ముందు అడ్డంగా ఉన్న గోడ అది. తుఫానుకు బీమా చేయించుకోవచ్చు. గొడుగుకు ఏ బీమా కంపెనీ పాలసీ రాస్తుంది? మార్కెట్టును ఏలే కంపెనీ పోటీదారును తరమడానికి ధర నేలకు దించితే తప్పని మన చట్టం స్పష్టంగా చెప్పింది 2002లో.

రేవు అధికారులు, జాయింట్ మేజిస్ట్రేటు ఆష్ తెల్ల కంపెనీ వైపే మొగ్గారు. స్వదేశీ కంపెనీ లోపలా తగాదా మొదలైంది. చిదంబరం ఓడల లెక్కలు చూసుకోవాలి గాని స్వదేశీ ఉద్యమ సభల్లో మాట్లాడకూడదని డబ్బు పెట్టినవాళ్లు కొందరు గొణిగారు. డైరెక్టర్ల వైపు నుంచి చూస్తే వాళ్ల మాటలో న్యాయం ఉంది. ఇతరుల సొమ్ము చూసే మనిషి తన మెడను పణంగా పెట్టకూడదు. చిదంబరం వినలేదు. 1908 ఫిబ్రవరి చివర కోరల్ మిల్లు కూలీల సమ్మె నడిపి కూలి పెంచించాడు. మార్చిలో స్వదేశీ నాయకుడు బిపిన్ చంద్ర పాల్ జైలు నుంచి విడుదలైనందుకు పండుగ తలపెట్టాడు. ముందు ఏడాది రాజమండ్రిలో ఉపన్యాసాలిచ్చి మన కుర్రకారును ఊపేసిన పాలే ఆయన. మార్చి 12న చిదంబరాన్ని పట్టుకున్నారు. మర్నాడు తిరునెల్వేలి అల్లకల్లోలమైంది, కాల్పులు జరిగాయి.

జులై 7న సెషన్స్ జడ్జి పిన్హే తీర్పు చదివాడు. రాజద్రోహానికి ఒక యావజ్జీవ ద్వీపాంతరం, తోటి ఉద్యమకారుడు సుబ్రహ్మణ్య శివకు తోడ్పడినందుకు ఇంకొకటి. హైకోర్టు బాగా తగ్గించింది. జైల్లో ఎద్దుల బదులు గానుగ లాగించారు. నడిపేవాడు లేని కంపెనీ 1911లో మూతపడింది. దివాలా సర్దుబాటులో గాలియాను అమ్మేశారు. కొన్నది ఎవరో కాదు, బ్రిటిష్ ఇండియా కంపెనీయే. షేరుదారులు పోగొట్టుకున్నది చట్టం చెప్పినట్టే 25 రూపాయల లెక్కన ఆగింది. చిదంబరం పూచీకి అలాంటి హద్దు ఏ చట్టమూ గీయలేదు. ఉద్యమం నడిపినవాడిగా ఆయన జైలుకు పోయాడు, నేరస్థుడిగా ప్లీడరు సన్నదూ పోగొట్టుకున్నాడు.

1912 డిసెంబరులో విడుదలయ్యాక మద్రాసులో బతుకుతెరువు వెతుక్కున్నాడు. వాలేస్ అనే ఇంగ్లీషు జడ్జి చొరవతో సన్నదు మళ్లీ చేతికొచ్చింది. ఆ కృతజ్ఞతతో కొడుక్కి వాలేశ్వరన్ అని పేరు పెట్టుకున్నాడు. తెల్లవాళ్ల ఓడలతో తలపడ్డ మనిషి ఇంట్లో తెల్ల జడ్జి పేరు శైవ రూపంలో వెలిసింది! తర్వాత కొన్నేళ్లు కోవిల్‌పట్టిలోనే వకీలుగా ఉన్నాడు. కక్షిదారుల్లో చాలామంది ఫీజు ఇవ్వలేనివాళ్లే. 1936 నవంబరు 18న తూత్తుకుడిలో పోయేముందు రాసిన వీలునామాలో ఏ కొట్టుకు ఎంత బాకీ ఉన్నాడో వరసగా రాసి, తీర్చమని ఇంటివాళ్లకు చెప్పాడు.