నీటి మైకుకు ముద్ర

మైదుకూరు ప్రాంతపు రైతు పసుపు తూకము వేయించునపుడు మొదట చూడవలసినది కాటాపై తూనికల శాఖవారి ముద్ర. ఆ యింటి కోడలు గర్భిణియై స్కానింగునకు పోయినపుడు, యంత్రపు తెరమీద ‘ఎం.ఐ.’ అను రెండక్షరముల ప్రక్కన ఒక అంకె కనబడును. కడుపులోనికి పోవు అతిధ్వని యొత్తిడిని బట్టి కట్టిన లెక్క అది. 1.9 మించరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నియమము. కంటి పరీక్షకైతే 0.23 మాత్రమే. బిడ్డకు చేటు లేదు కదా యని తల్లి అడిగినపుడు వైద్యుడు చూచుకొను అంకెలలో ఇది యొకటి. దీనికి ముద్ర వేయువారెవరు?

యంత్రము తయారుచేయువారు దాని ధ్వనిని నీటితొట్టిలో హైడ్రోఫోనుతో, అనగా నీటి మైకుతో, కొలుతురు. మైకునే నమ్ముకొని బ్రతుకు మాకు దీనిపై మక్కువ కలుగుట సహజమే. ఒత్తిడి తగిలినపుడు అది విద్యుత్తు పుట్టించును. ఎంత యొత్తిడికెంత విద్యుత్తో తెలియనిచో ఆ కొలత వట్టిది. అది యొత్తిడిని 20 శాతము తక్కువ చెప్పినచో, తీవ్రత 36 శాతము తక్కువగా తేలును. తీవ్రత ఒత్తిడి వర్గము ననుసరించును గనుక. ఎక్కువ చెప్పిన అంత భయము లేదు. తక్కువ చెప్పుటయే ప్రమాదము.

ఒక మైకును మరియొక మైకుతో సరిచూడవచ్చును. ఆ రెండవదానిని దేనితో సరిచూతుము? ఈ గొలుసు కొస వెలుగులో దొరికినది. అతిధ్వని సాగు ద్రవము గుండ పోవు వెలుగు పలు కిరణములుగా చీలుటను 1932లో అమెరికాలో డిబై, సియర్సులు, ఫ్రాన్సులో లూకా, బికారులు కనిపెట్టిరి. దానికి గణితము కట్టినవారు బెంగుళూరున సి.వి. రామన్, నాగేంద్రనాథులు (1935-36). ధ్వని బలపడినకొలది నడిమి కిరణము సన్నగిల్లి, ఒకానొక బలము వద్ద బొత్తిగా ఆరిపోవును. ఆరినచోట ధ్వనిబలము లెక్కకు దొరికినట్లే.

రామన్ శిష్యులు, ఆగిరిపల్లిలో జన్మించిన సూరి భగవంతముగారు, ఆంధ్ర విశ్వవిద్యాలయమున అతిధ్వని పరిశోధన సాగించిరి. 1940ల నడుమ భీమసేనాచారిగారితో కలిసి స్ఫటికముల స్థితిస్థాపకతను ఈ ధ్వనితోనే కొలిచిరి. వారికి కావలసినది ధ్వని వేగము, బలము కాదు. గర్భస్థ శిశువును అతిధ్వనితో చూపిన గ్లాస్గో వైద్యుడు ఇయన్ డోనాల్డు వ్యాసము వెలువడినది 1958లో గదా!

ఇంగ్లండు జాతీయ భౌతిక ప్రయోగశాలనుండి బేకన్ 1988లో ప్రకటించిన పద్ధతి మరింత సూటియైనది. నీటిలో నిలిపిన పలుచని పొరను ధ్వని ఊపును. ఆ ఊపును లేజరు కాంతితో కొలుతురు. సెకనుకు 10 లక్షల కంపనములతో, సుమారు పది వాతావరణముల యొత్తిడితో వచ్చు తరంగమునకు నీరు కదలునది 106 నానోమీటర్లు మాత్రమే. ఎర్రని లేజరు తరంగపు పొడవులో ఆరవ వంతు. పిదప పొరను తీసి, అదే తావున హైడ్రోఫోను నిలిపి, అది చెప్పినదానిని వ్రాసికొందురు.

ఆ ముద్రయు కలకాలము నిలువదు. పొరమీది లోహపుపూత చెడును, నీరు లోనికి చొచ్చును. కాటా వలెనే దానిని గడువు తప్పక మరల పంపవలసియుండును.