గూటికి కాపలా సరే, తంపరకు?

2021 డిసెంబరులో శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలం తేలినీలాపురంలో గూడబాతులు ఒక్కొక్కటిగా చెట్ల మీద నుంచి రాలిపడ్డాయి. మనం పెలికాన్లని పిలుచుకుంటున్న ఆ పెద్ద పక్షులు వారాల వ్యవధిలో వందకు పైగా చనిపోయాయి. అక్కడికి వేటగాడు రాలేదు, తుపాకీ మోగలేదు. ఆ ఊళ్లో పిల్లలు కూడా పక్షి మీద రాయి వెయ్యరు. అటవీ శాఖ వాచర్లున్నారు, వాచ్ టవరుంది, పక్షుల మ్యూజియముంది. కళేబరాలను పరీక్షిస్తే బయటపడింది పరాన్నజీవి పురుగులు. తిన్న చేపలతోనే అవి ఒంట్లోకి చేరి ఉంటాయని అధికారులు అనుమానించారు. గూటి దగ్గర కాపలాలో ఏ లోటూ జరగలేదు. చావు మేత వెంట వచ్చింది. ఉత్తరాంధ్రలో వన్యప్రాణులకూ చేపలకూ కాపలా కాసిన నూరేళ్ల పైబడిన చరిత్రను తిరగేస్తే పదే పదే కనిపించేది ఇదే. గుడ్డు పెట్టే చోటును ఒక శాఖకు అప్పజెప్పాం, తిండి దొరికే చోటును ఇంకో శాఖకు వదిలేశాం. మధ్యలో నిలబడ్డ చిన్న ఉద్యోగి ఎంత నిజాయితీగా పనిచేసినా అతని అధికారం గూడున్న చెట్టు మొదట్లోనే ఆగిపోతోంది. ఈ తప్పు అతనిది కాదు, అతని హద్దులు గీసిన చట్టాలది, రికార్డులది.

ఆ హద్దులు ఎప్పుడు పడ్డాయో చూడాలి. 1887లో తెల్లదొరల ప్రభుత్వం అడవి పక్షుల రక్షణకు ఒక చట్టం తెచ్చింది. గుడ్లు పెట్టే కాలంలో చంపిన పక్షుల అమ్మకాన్ని నిషేధించే అధికారం అందులో మున్సిపాలిటీలకు, కంటోన్మెంట్లకు మాత్రమే దక్కింది. పక్షులు గూళ్లు కట్టే పల్లెలకు ఆ చట్టం రానేలేదు. 1897 నాటి మత్స్య చట్టం కొంత ముందుకు వెళ్లింది. నీళ్లలో మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టేవాళ్లకు రెండు నెలల జైలో, రెండు వందల రూపాయల జరిమానానో పెట్టింది. పదేళ్ల తర్వాత, 1907లో ఫ్రెడరిక్ నికల్సన్ ఆధ్వర్యంలో మద్రాసులో చేపల శాఖ మొదలైంది. దాని ప్రధాన లక్ష్యం సముద్ర సంపదను పెంచి ప్రజల కంచానికి చేర్చడం. ఆ లక్ష్యాన్ని తప్పుపట్టలేం. అయితే ఉత్పత్తి పెంచడానికి పుట్టిన శాఖే రక్షకభట శాఖగా కూడా పనిచేయాల్సి వస్తే రెండో పని వెనకబడుతుంది. ఆ రోజుల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో చాలా భాగం విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, టెక్కలి, మందస వంటి జమీందారీల కింద ఉండేది. అడవి జమీందారుది, అందులో వేట అతని వినోదం. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారీలు పోయాయి, ఆ భూములన్నీ ప్రభుత్వపరమయ్యాయి. మన కథకు అసలు మలుపు అక్కడుంది. చెట్లున్న కొండలు అటవీ శాఖకు వెళ్లాయి. చెట్లు లేని పల్లపు తడినేలలు, ఇక్కడివాళ్లు బీల అనీ తంపర అనీ పిలుచుకునేవి, రెవెన్యూ లెక్కల్లో బంజరుగానో పోరంబోకుగానో చేరాయి. నీళ్లు నిలిచే నేలను బంజరని రాసుకున్న ఆ నాటి రికార్డే తర్వాతి కాలంలో ఎన్నో ప్రాణాలకు ముప్పు తెచ్చింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నిజంగా గొప్ప చట్టం. పక్షి గూటిని కదిలించినా, గుడ్డును పాడుచేసినా వేటకిందే లెక్కని అది చెప్పింది. పల్లెలో ఒక బీట్ ఆఫీసరుకు నిలబడి మాట్లాడే బలం ఇచ్చింది ఆ నిర్వచనమే. అయితే అభయారణ్యంగానో రక్షిత ప్రాంతంగానో ప్రకటించిన చోటు దాటితే, ప్రాణి తిరిగే నేలకు ఆ చట్టం నుంచి దక్కే అండ చాలా తక్కువ. గూటిని తాకితే నేరం, ఆ గూటి పిల్లలకు చేపలిచ్చే చెరువును పూడిస్తే అది అభివృద్ధి. ఈ రెండింటి మధ్య దూరం కొన్ని కిలోమీటర్లే.

తేలినీలాపురాన్ని దగ్గరగా చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఏటా వానలు వెనకబట్టే రోజుల్లో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చింతచెట్ల మీద, తుమ్మల మీద గూళ్లు కడతాయి. వేసవి ముదిరేలోగా పిల్లలతో ఎగిరిపోతాయి. అవి సైబీరియా నుంచి వస్తాయని పత్రికలు రాస్తూ వచ్చాయి, బడిపిల్లలు అదే చదువుకున్నారు. నిజానికి ఈ రెండు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా నేలల్లోనే పుట్టి పెరిగేవి. సైబీరియాతో వీటికి చుట్టరికం లేదు. ఈ సవరణ చిన్నదేమీ కాదు. ఎక్కడి నుంచో వచ్చిన అతిథి అయితే ఇక్కడ కొన్ని నెలలు నీడనిస్తే బాధ్యత తీరిపోతుంది. ఇదే పుట్టినిల్లయితే ఏడాది పొడవునా మేత మాటేమిటని అడగాలి. గూడబాతు పిల్ల తన తల మొత్తం తల్లి ముక్కుకింది సంచిలోకి దూర్చి, తల్లి కక్కిన చేపను గొంతులోంచే అందుకుంటుంది. ఆ చేప కోసం తల్లి నౌపడ తంపర, ఉప్పు మడులు, చుట్టుపక్కల చెరువులు తిరిగి రావాలి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా చెట్టుకింద కూర్చున్న వాచరుకు ఆ ప్రయాణంలో ఒక్క గజం మీద కూడా అధికారం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తీరాన్ని ఊడ్చేసింది. విరిగిన చెట్లకు బదులు మళ్లీ మొక్కలు నాటవచ్చు, గూళ్లకు ఆసరాగా ఇనుప స్టాండ్లు పాతవచ్చు. ఎండబెట్టిన తంపరకు బదులు పాతగలిగిన స్టాండు లేదు.

ఆ తంపరను ఎండబెట్టే ప్రయత్నం జరిగింది కూడా. సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి దగ్గర 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటుకు 2009లో పర్యావరణ అనుమతి వచ్చింది. ఉత్తరాన సోంపేట బీలలో మరో థర్మల్ ప్లాంటుకు స్థలం కేటాయించారు. కాగితాల మీద అది పనికిరాని నేల. ఊళ్లవాళ్లకు అది వరికి నీరు, పశువుకు గడ్డి, రాత్రి కూరకు చేప. 2010 జూలై 14న సోంపేటలో, ప్లాంటును అడ్డుకున్న ఊళ్లవాళ్ల మీద పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. కాల్పులకు ముందే రావాల్సిన ఉత్తర్వు అది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ తూటాలు పేలాయి, అక్కడా మనుషులు చనిపోయారు. ఆ తర్వాతే పనులు ఆపమని కేంద్ర పర్యావరణ శాఖ ఆదేశించింది. కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్.శర్మ ఈ నేలలు బంజర్లు కావు, తడినేలలని ఓపికగా రాస్తూ వచ్చారు. విద్యుత్తు అవసరం తెలియని మనిషి కాదాయన. పక్షుల కోసం నియమించిన ఉద్యోగులు చెట్ల దగ్గర ఉండగా, ఆ పక్షుల మేతను కాపాడింది రైతులు, మత్స్యకారులు, అదీ తమ తిండి కోసం.

తర్వాత నిబంధనలు మారాయి కదా అనవచ్చు. మారాయి. 2010 డిసెంబరులో, అంటే సోంపేటకూ కాకరాపల్లికీ మధ్య, తడినేలల పరిరక్షణ నిబంధనలు వచ్చాయి. 2017లో వాటిని తిరగరాశారు. ఆ నిర్వచనాన్ని జాగ్రత్తగా చదివితే మనసు కలుక్కుమంటుంది. వరిపొలాలు, చేపలు రొయ్యల పెంపకానికి తవ్విన చెరువులు, ఉప్పు మడులు, సాగునీటి కట్టడాలు తడినేలల లెక్కలోకి రావు. రైతు పొలంలో ప్రతి పనికీ అనుమతి అడగకుండా ఉండటానికి ఆ మినహాయింపు పెట్టి ఉంటారు, అందులో న్యాయముంది. కానీ ఇచ్ఛాపురం మండలం తేలుకుంచికి ఏటా తొలకరితో వచ్చే నత్తగుల్ల కొంగను చూడండి. దాని రెండు దవడలూ మధ్యలో కలవవు, సందుంటుంది. కింది దవడ కొనను నత్త మూతకింద దూర్చి, లోపలి కండను కోసి, చిప్ప పగలకుండా మాంసాన్ని లాగుతుంది. ఆ నత్త వరిచేలో పెరుగుతుంది. పక్షులొస్తే పంట బాగుంటుందని తేలుకుంచివాళ్లు నమ్మడం వెనక అనుభవముంది, చేలో నత్తలను ఏరేది అవే. ఇప్పుడు ఆ చేలో ఏ మందు పడుతోందన్నది వ్యవసాయ శాఖ సంగతి. కొంగ అటవీ శాఖది, నత్త ఎవరిదీ కాదు.

సముద్రం మీదా ఇదే వరస. జనవరి నుంచి శ్రీకాకుళం, విజయనగరం తీరాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డెక్కుతాయి. తెల్లవారకముందే గార్డు, అతని వెంట మత్స్యకార కుర్రాళ్లు ఇసుకలో జాడ వెతుక్కుంటూ నడుస్తారు. మెడ సన్నగా, అడుగు వెడల్పుగా కూజాలా తవ్విన గుంతలో నూరు పైచిలుకు గుడ్లుంటాయి. నక్కలూ కుక్కలూ రాకముందే వాటిని తీసి, హేచరీలో అదే లోతున, అదే ఆకారంలో మళ్లీ పూడ్చాలి. ఆలస్యమైతే, గుడ్డును తిరగేస్తే లోపలి పిండం చచ్చిపోతుంది. నలభై అయిదు రోజులనుంచి అరవై రోజుల దాకా కాపు కాసి పిల్లల్ని నీళ్లలోకి వదులుతారు. ఇంతకన్నా ఓపికైన ప్రభుత్వోద్యోగం అరుదు. మరి అదే తీరంలో చచ్చి కొట్టుకొచ్చే పెద్ద తాబేళ్ల మాటేమిటి? తాబేలు ఊపిరికి పైకి రావాలి, ట్రాలు వలలో గంటలకొద్దీ చిక్కితే ఉక్కిరిబిక్కిరై పోతుంది. మన రాష్ట్రంలో 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద తీరానికి దగ్గరి నీళ్లు తెప్పలవాళ్లవి, మరబోట్లు ఎనిమిది కిలోమీటర్ల అవతలే వేటాడాలి. దాన్ని అమలు చేయాల్సింది చేపల శాఖ. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది, అరవై ఒక్క రోజులు. అది చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని చూసి పెట్టింది. తాబేలు గుడ్లు పెట్టే రోజులు అప్పటికి చాలావరకు గడిచిపోతాయి. పక్కనే ఒడిశాలో రుషికుల్య, దేవి, ధమ్రా ముఖద్వారాల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట ఆపుతారు. ఇచ్ఛాపురం దాటగానే అదే తాబేలుకు ఆ రక్షణ పోతుంది. వలకు తాబేలు తప్పించుకునే కిటికీ బిగించే అలవాటు లేదన్న కారణంతో 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల్ని కొనడం ఆపేసింది. తాబేలును పట్టించుకోకపోతే జీవనోపాధికీ నష్టమేనని అప్పుడైనా తెలియాల్సింది.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. శ్రీకాకుళం వలసల జిల్లా. బతుకు వెతుక్కుంటూ ఇక్కడి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్తారు. 2018లో అలా వెళ్లి పాకిస్థాన్‌కు చిక్కినవాళ్లు 2020 జనవరిదాకా జైల్లో ఉన్నారు. ఇలాంటి చోట ప్లాంట్లు వద్దు, పోర్టులు వద్దు అంటే ఎవరికి మేలు? 2023 ఏప్రిల్‌లో సంతబొమ్మాళి మండలంలోనే మూలపేట పోర్టుకు శంకుస్థాపన జరిగింది, దాని మీద ఆశ పెట్టుకున్న కుటుంబాలు ఎన్నో. ఆ ఆశను తోసిపుచ్చే హక్కు ఎవరికీ లేదు. కానీ సోంపేటలో తూటాకు ఎదురు నిలిచినవాళ్లు పక్షిప్రేమికులు కారు, ఆ బీల మీద బతికే పేదలే. ఆ నేల నుంచి బతుకు సాగించేవాళ్లెందరో ముందే లెక్కకట్టి ఉంటే ప్లాంటు ఎక్కడ పెట్టాలన్న చర్చ అక్కడే తేలేది. పోర్టు విషయంలోనూ అడగవలసింది కట్టాలా వద్దా అని కాదు, ఏ కాలువను మూసి, ఏ నీటిని మళ్లించి కడుతున్నారని. ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన ప్రభుత్వోద్యోగి ఒకడున్నాడు, పక్షులు ఏ దిక్కుకు మేతకు వెళ్తాయో ఏళ్లుగా చూస్తున్నవాడు. అతన్ని ఎవరూ అడగరు, అంతే.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. పక్షి ఎవరినీ చంపదు, ఎలుగుబంటి చంపుతుంది, ఏనుగు తొక్కుతుంది. ఈ జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో జీడితోటల మధ్య 2018లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో, 2022లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగుల దాడికి మనుషులు బలయ్యారు. మొదటి చోట జనం ఎలుగును కొట్టి చంపారు, రెండో చోట మత్తిచ్చి పట్టుకున్న ఎలుగు కూడా బతకలేదు. ఆ ఊళ్లవాళ్లకు వన్యప్రాణి రక్షణ గురించి పాఠం చెప్పే అర్హత పట్నంలో కూర్చున్నవాళ్లకు లేదు. అయినా ఈ ఘటనలు నా వాదాన్ని బలపరిచేవే. దాడి జరిగాక తుపాకీ, మత్తుమందు పట్టుకుని వచ్చేది అటవీ శాఖ. ఎలుగు కొండ దిగేలా చేసే నీటి కరువు, క్వారీ మోత ఆ శాఖ చేతిలో లేవు. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర పొలాల్లో కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒక్కసారే చనిపోయాయి. ఒడిశా నుంచి వచ్చిన ఆ మందల వెంట ట్రాకర్లు నెలల తరబడి తిరుగుతూనే ఉన్నారు. తీగ మాత్రం వాళ్లది కాదు.

అన్ని శాఖల పెత్తనం అటవీ అధికారికి ఇస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. అధికారం పెరిగితే తంపరలో చేప పట్టుకునే గంగపుత్రుడి మీదే మొదటి కేసు పడుతుందన్న భయం నిరాధారం కాదు. అటవీ చట్టాల చరిత్ర అలాంటి కేసులతో నిండి ఉంది. కావలసింది కేసులు రాసే చెయ్యి పొడవు కావడం కాదు, నేల గురించి నిర్ణయం తీసుకునేటప్పుడు అతని నోటుబుక్కుకు విలువ దక్కడం. ఏ నెలలో ఎన్ని గూళ్లు, ఏ చెరువు మీద ఎన్ని పక్షులు, ఏ తీరాన ఎన్ని తాబేళ్లు చచ్చి తేలాయన్నది ఆ నోటుబుక్కులో ఉంటుంది. భూమి కేటాయింపు ఫైలు కలెక్టరు బల్లమీదికి వెళ్లేముందు ఆ లెక్క దానికి జతపడాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా చేపల శాఖ పడవలో అటవీ గార్డు కూడా కూర్చోవాలి. తంపర, బీల అన్న మాటలు సర్వే రికార్డుల్లో పోరంబోకు పక్కన కాకుండా సొంత పద్దుగా చేరాలి. ఈ మూడింటికీ కొత్త చట్టం అక్కర్లేదు. 2017 నిబంధనల కిందే ప్రతి రాష్ట్రానికీ తడినేలల అథారిటీ ఉంది. నౌపడ తంపర, సోంపేట బీల పేర్లు దాని ముందు పెట్టడానికి అటవీ, చేపల, రెవెన్యూ శాఖల జిల్లా అధికారులు ముగ్గురూ ఒక్క కాగితం మీద సంతకం చేస్తే చాలు.