కొల్లేటిలో రేవు ఎక్కడ?

కయాక్ అనే సన్నటి పడవ గురించి మీరు చదివే ఉంటారు. ఉత్తర ధ్రువ ప్రాంతాల ఇన్యూట్ ప్రజలు కట్టె, ఎముకలతో చట్రం కట్టి, దానిపై సీలు చర్మం బిగించి దీన్ని తయారుచేసేవారు. ఇప్పుడు ప్లాస్టిక్‌తో, ఫైబర్‌గ్లాసుతో చేస్తున్నారు. మనదేశంలోనూ కుర్రకారుకు దీనిపై మోజు పెరిగింది. పడవ చేతికొచ్చాక మొదట ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: దీన్ని ఎక్కడ నీళ్ళలోకి దింపాలి? పడవను నీటిలోకి తోసే చోటికి ఇంగ్లీషులో ఒక మాట, ఒడ్డుకు చేర్చే చోటికి ఇంకో మాట ఉన్నాయి. తెలుగువారికి రెండింటికీ ‘రేవు’ అన్న ఒక్క మాటే సరిపోయింది.

మంచి రేవుకు కావలసినవి మూడు. ఒడ్డు నిట్టనిలువుగా కాకుండా ఏటవాలుగా ఉండాలి. కాలు దిగబడని గట్టి నేల ఉండాలి. అక్కణ్ణించి లోపలి నీటికి అడ్డంలేని దారి ఉండాలి. లోతు అంతగా అక్కరలేదు. ఎందుకో చిన్న లెక్క వేసి చూద్దాం. నీటిని తాకే అడుగు భాగం 5 మీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పడవలో 60 కిలోల మనిషి ఎక్కాడనుకోండి. ఆర్కిమిడీస్ సూత్రం ప్రకారం ఆ పడవ 60 లీటర్ల నీటిని అదనంగా తొలగించాలి. ఆ 60 లీటర్లను 2 చదరపు మీటర్లతో భాగిస్తే పడవ అదనంగా మునిగేది 3 సెంటీమీటర్లే!

ఈ లెక్క కాగితంమీద వేయకుండానే తెలిసినవారు కొల్లేటి జాలర్లు. వారి తాటిదోనె కయాక్‌కు దూరపు చుట్టం లాంటిది. టేకు, మద్ది వంటి చెట్లకు చేవ లోపల ఉంటుంది. తాటిమానుకు చేవ బయట, బెండు లోపల. తాడి ఏకదళబీజ వృక్షం కావడమే కారణం. గట్టి నాళికాపుంజాలు దాని మాను అంచున దట్టంగా, మధ్యలో పలచగా ఉంటాయి. అందువల్ల మానును నిలువునా చీల్చి లోపలి మెత్తని భాగం తొలిస్తే, గట్టి డొప్ప మిగులుతుంది. ఉబ్బుగా ఉండే మొదలు భాగం మూసుకుని ఉండి పడవకు ఒక కొస అవుతుంది. ఒంటి దోనె ఊరికే పొర్లుతుంది కనుక రెండింటిని జతకట్టడమూ ఉంది. తెడ్డుకన్నా గడకే పని ఎక్కువ, గడ అందనంత లోతు కొల్లేటిలో అరుదు మరి.

ఇంత తేలిక పడవకు రేవు దొరకడం కష్టమా అంటారేమో. కొల్లేటి పుట్టుక తెలిస్తే ఆ చిక్కు అర్థమవుతుంది. ఇది కృష్ణా గోదావరి డెల్టాల మధ్య మిగిలిపోయిన పల్లం. ఒకనాడు సముద్రానికి ఆనుకుని ఉన్న ఉప్పునీటి కయ్య. నదులు మట్టి తెచ్చి వేసేకొద్దీ తీరం జరిగిపోయి, నేడు సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీరు ఇందులోనే చేరుతుంది. గోదావరిమీద 1852లో, కృష్ణమీద 1855లో ఆనకట్టలు పూర్తయి కాలువలు విస్తరించాక పంటపొలాల మురుగునీరూ తోడైంది. ఇంత నీటికీ బయటికి దారి ఉప్పుటేరు ఒక్కటే. దాని పొడవు సుమారు 60 కిలోమీటర్లు. సరస్సులో నీరు సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తున ఉంటే కిలోమీటరుకు సగటున రెండున్నర సెంటీమీటర్ల వాలే దొరుకుతుంది. పైగా సముద్రపు పోటు ఎదురు తన్నుతుంది. అందుకే వానాకాలంలో కొల్లేరు తీసేదానికన్నా నిండేది ఎక్కువ.

నేల పళ్ళెంలా చదునుగా ఉన్నచోట నీరు జానెడు పెరిగితే ఒడ్డు ఎంతో దూరం జరుగుతుంది. సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు రేఖలోపల కొల్లేటి విస్తీర్ణం సుమారు 308 చ.కి.మీ. 10 అడుగుల రేఖదాకా లెక్కిస్తే 901 చ.కి.మీ. (ఇవి అడుగులు, మీటర్లు కావు, పత్రికలు కూడా ఇక్కడ తడబడుతుంటాయి.) మనిషి ఎత్తుకన్నా తక్కువ తేడాకే సరస్సు దాదాపు మూడు రెట్లయింది! భాద్రపదంలో రేవుగా ఉన్నచోట వైశాఖంలో గొడ్లు మేస్తాయి. కనుక ఇక్కడ రేవు ఎక్కడని అడగడం, సరస్సు ఎక్కడ మొదలవుతుందని అడగడమే.

ఆ ప్రశ్నే కోర్టులకెక్కింది. 1970లలో ప్రభుత్వమే జాలర్ల సహకార సంఘాలకు సరస్సు భూమిలో చేపల చెరువులు ఇచ్చింది. తరువాతి రెండు దశాబ్దాల్లో పెట్టుబడిదారులు దిగారు, చెరువులు వేల ఎకరాలకు పాకాయి. 1999లో 5 అడుగుల రేఖలోపలి భాగాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు నియమించిన కమిటీ సిఫారసులపై ఆ హద్దులోని చెరువు గట్లను పెద్దఎత్తున తెగగొట్టారు. హద్దును 3 అడుగులకు తగ్గించాలని 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. 2010లో కేంద్రం వేసిన నిపుణుల సంఘం ఒప్పుకోలేదు. హద్దులోపల జిరాయితీ భూములున్న చిన్న రైతుల గోడు నిజమైనదే. కాని గట్లవల్ల నీటికి చోటు తగ్గి, అది పైఊళ్ళవైపు ఎగదన్నుతుందన్నదీ నిజమే. రెండంకెల తేడా అని దీన్ని తేలిగ్గా తీసుకోవడం నాకు సబబుగా తోచదు.

పడవవాడికి గట్టు ఏం చేస్తుందో చూడండి. చూపుకు అది చక్కని రేవే: గట్టి నేల, పక్కనే నీరు. కాని ఒడ్డు నిటారుగా ఉంటుంది. మట్టి తవ్వితీసిన గొయ్యి దాని మొదట్లోనే లోతుగా ఉంటుంది. పడవ దించినా నాలుగు గట్ల మధ్య తిరగడమే! మూడో లక్షణం, అంటే దారి, ఉండదు. దారి ఉన్నచోట గుర్రపుడెక్క అల్లుకుంటుంది. ఒకప్పుడు వరద రోజుల్లో కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనానికి పడవలమీద వచ్చినవారికి ఈ చిక్కులు లేవు.

మీరు అటు వెళ్ళే పనిబడితే ముందు అటవీశాఖ అనుమతి అడగండి. కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడబాతులు గూళ్ళు కట్టే చెట్ల దరికి పడవ పోనీయకండి. ఊరి జాలరి తన దోనె ఎక్కడ కట్టేశాడో చూడండి, మీకు కావలసిన చోటు అదే. అక్కడి నేలలో ఒక గడ పాతి, సెప్టెంబరులో నీరు ఎక్కడిదాకా ఉందో గుర్తుపెట్టి, మళ్ళీ మే నెలలో వెళ్ళి నీటి అంచు ఎన్ని అడుగులు వెనక్కి పోయిందో కొలిచి చూడండి.