గర్భిణిని పాత భయం వెంటాడుతుంటే.. చెకప్‌లో ఏం చెప్పాలి? సాయం ఎక్కడ దొరుకుతుంది?

బీపీ, బరువు, హిమోగ్లోబిన్, స్కానింగ్.. చెకప్‌కు వెళ్తే ఇవన్నీ చూసి కార్డులో రాస్తారు. కానీ గత కాన్పులో ప్రాణం మీదికి వచ్చిందా? బిడ్డను పోగొట్టుకున్నారా? హింసకు గురయ్యారా? ఈ ప్రశ్నలు అన్నిచోట్లా అడగరు. అందుకే ఆ మాట మీరే చెప్పడం అవసరం.

ఎలా గుర్తించాలి?

జరిగింది మళ్లీ కళ్ల ముందు జరుగుతున్నట్టు అనిపించడం, పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, ఆ సంఘటనను గుర్తుచేసే చోటికి వెళ్లలేకపోవడం.. ఇవి నెలకు మించి ఉండి, రోజువారీ పనులకు అడ్డొస్తుంటే అది పీటీఎస్‌డీ కావచ్చు. నిర్ధారించాల్సింది మాత్రం డాక్టరే. కొందరు చెకప్‌లు మానేస్తారు. ఇంట్లోవాళ్లు దాన్ని నిర్లక్ష్యం అనుకుంటారు. నిజానికి ఆసుపత్రి అంటేనే వాళ్లకు భయం కావచ్చు.

డాక్టర్‌కు ఏం చెప్పాలి?

జరిగినదంతా చెప్పక్కర్లేదు. ‘గతంలో ఒక చేదు అనుభవం ఉంది, పరీక్ష చేసేటప్పుడు భయమేస్తుంది’ అంటే చాలు. ఆ తర్వాత ఇవి అడగండి:

• ఏ పరీక్ష ఎందుకో ముందే చెప్పమనండి. ‘ఆపండి’ అంటే ఆపాలని మాట తీసుకోండి.
• లోపలి పరీక్ష ఇప్పుడే అవసరమా అని అడగండి.
• పురుష డాక్టర్ పరీక్షిస్తుంటే పక్కన మరో మహిళ ఉండాలని కోరడం మీ హక్కు.
• కాన్పు గదిలో తోడు గురించి ముందే మాట్లాడండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మహిళా బంధువును తోడుగా అనుమతించాలని కేంద్రం 2016లోనే చెప్పింది.

మందుల సంగతి?

మానసిక సమస్యకు ఇప్పటికే మందులు వాడుతుంటే సొంతంగా ఆపేయొద్దు. వాల్‌ప్రోయేట్ లాంటివి బిడ్డకు హాని చేస్తాయి కాబట్టి వాడుతున్నవన్నీ వెంటనే డాక్టర్‌కు చూపించండి. మందులు లేకుండా కౌన్సెలింగ్, థెరపీతోనూ పీటీఎస్‌డీకి చికిత్స ఉంది.

సాయం ఎక్కడ?

• టెలీ మానస్: 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడొచ్చు.
• గృహ హింస ఉంటే: 181. సఖి కేంద్రాల్లో కౌన్సెలింగ్, న్యాయ సాయం, తాత్కాలిక వసతి ఒకేచోట దొరుకుతాయి.
• ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. సైకియాట్రిస్ట్‌కు రిఫర్ చేయమని అక్కడే అడగొచ్చు.
• హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ప్రకారం మీ వివరాలను గోప్యంగా ఉంచాలి. చట్టంలో ఉన్న కొద్దిపాటి మినహాయింపులు తప్ప, మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదు.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

‘అన్నీ మర్చిపో, బిడ్డ గురించి ఆలోచించు’ అనొద్దు. ఏం జరిగిందో చెప్పమని బలవంతపెట్టొద్దు. చెకప్‌కు వెంట వెళ్లండి. చచ్చిపోవాలనిపిస్తోందని ఆమె అంటే ఒంటరిగా వదలకండి. వెంటనే 14416కు ఫోన్ చేయండి, ప్రమాదం అనిపిస్తే 108కి.