ఎస్ఈవో టూల్ చూపించే నంబర్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇవాళ్టి ఎపిసోడ్‌కి కారణం మా పిన్ని కొడుకు. డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేశాడు. మొదటి క్లయింట్ వాళ్ల వీధిలోనే దొరికింది. ఇంట్లో పచ్చళ్లు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముకునే ఒక ఆంటీ. వీడు ఒక పెద్ద ఎస్ఈవో టూల్ తెరిచి, "ఆంటీ, ఈ మాటని నెలకి ఇన్ని వేలసార్లు వెతుకుతున్నారు" అని స్క్రీన్ చూపించాడు. ఆవిడ నమ్మింది. మామూలుగా కొనే మామిడికాయలకి రెట్టింపు కొని జాడీలు నింపింది.

మూడు నెలలైనా సగం జాడీలు అలాగే ఉన్నాయి. అప్పుడు వీడు ఇంకో టూల్‌లో అదే మాట కొట్టి చూశాడు. మొదటి టూల్ చూపించిన దాంట్లో ఐదో వంతు కూడా లేదు. రాత్రి పదకొండింటికి నాకు ఫోన్. "అన్నా, రెండూ డబ్బులు కట్టే టూల్సే. ఏది నిజం?"

దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ నంబర్ వెనక పాతికేళ్లకి పైబడిన కథ ఉంది. నెలనెలా డబ్బు కట్టి ఏ టూల్ కొనాలో తేల్చుకోవాలంటే, ముందు ఈ కథ తెలియాలి. పదండి, 1998కి వెళ్దాం.

అందరి ముందూ వేలంపాట

అమెరికాలో, కాలిఫోర్నియాలోని పాసడీనా. ఐడియాల్యాబ్ అనే కంపెనీ నడిపే బిల్ గ్రాస్ 1998లో గోటూ డాట్ కామ్ అని ఒక సెర్చ్ ఇంజన్ పెట్టాడు. పద్ధతి చాలా సింపుల్. మీరు ఒక మాట ఎంచుకుని దానికి పాట పాడాలి. ఎవరు ఎక్కువ పాడితే వాళ్ల లింక్ పైన వస్తుంది. ఎవరైనా క్లిక్ చేస్తేనే డబ్బు కట్టాలి. ఇవాళ మనం పే పర్ క్లిక్ అంటున్న వ్యాపారం అలా పెద్దదైంది.

మన ఊళ్లలో జాతరకి ముందు గుడి దగ్గర కొబ్బరికాయల షాపుకి వేలంపాట జరుగుతుంది కదా, అలాంటిదే ఇది. ఇంకో పోలిక కూడా ఉంది. గుడి దగ్గర ఎవరు ఎంత పాడారో అందరికీ వినపడుతుంది. గోటూలో కూడా ఒక్కో లింక్ పక్కనే, ఆ క్లిక్‌కి వ్యాపారి ఎంత కడుతున్నాడో రాసి ఉండేది. మామూలుగా వెతకడానికి వచ్చినవాళ్లకి కూడా కనపడేది.

2001లో గోటూ తన పేరు ఓవర్చర్ అని మార్చుకుంది. ఏ మాటని నెలలో ఎన్నిసార్లు వెతికారో చూపించే టూల్ ఒకటి ఉచితంగా ఇచ్చేది. ఆ రోజుల్లో ఎస్ఈవో పని చేసినవాళ్లు దాన్ని తెగ వాడుకున్నారు. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ లెక్క ఇచ్చింది బయటివాళ్లు కాదు. వెతుకులాట తన దగ్గరే జరిగే కంపెనీ ఇచ్చింది.

పాట అందరికీ కనపడితే ఏమవుతుంది? పక్కవాడి పాట చూసి దాని మీద ఒక్క సెంటు పెంచే సాఫ్ట్‌వేర్లు వచ్చేశాయి. మనుషులు నిద్రపోయినా అవి పాడుతూనే ఉంటాయి. ధర సెంటు సెంటు పెరిగి, ఒకచోట ఒకడు విసిగిపోయి పాట బాగా తగ్గించేస్తాడు. వెంటనే పైవాడు కూడా తగ్గిస్తాడు. మళ్లీ మొదలు. బెంజమిన్ ఎడెల్‌మన్, మైఖేల్ ఓస్ట్రోవ్‌స్కీ అనే పరిశోధకులు తర్వాత ఈ డేటా పరిశీలిస్తే, ధరల గీత రంపం పళ్లలా కనపడింది. యాడ్స్ కోసం డబ్బు కట్టి కొనుక్కునే టూల్స్ పుట్టింది ఇలాంటి గొడవలోనే.

గూగుల్ లెక్క మార్చింది

2000 అక్టోబర్‌లో గూగుల్ 350 మంది కస్టమర్లతో యాడ్‌వర్డ్స్ మొదలుపెట్టింది. మొదట్లో యాడ్ ఎన్నిసార్లు కనపడితే అంత డబ్బు. 2002 ఫిబ్రవరిలో క్లిక్‌కి డబ్బు పద్ధతిలోకి వచ్చింది. ఓవర్చర్ మీద ఒక పెద్ద మార్పు చేసింది.

ఒక ఉదాహరణ చూద్దాం. రాము క్లిక్‌కి 10 రూపాయలు పాడాడు. కానీ అతని యాడ్ వందమంది చూస్తే ఒక్కరే క్లిక్ చేస్తారు. సీత 5 రూపాయలే పాడింది. ఆమె యాడ్‌ని వందలో ముగ్గురు క్లిక్ చేస్తారు. వందమంది చూస్తే రాము వల్ల గూగుల్‌కి 10 రూపాయలు, సీత వల్ల 15. కాబట్టి సీత యాడే పైన. జనానికి పనికొచ్చే యాడ్ పైకొస్తుంది, గూగుల్‌కీ లాభం. పైగా మీరు పాడినంతా కట్టక్కర్లేదు, కిందవాడిని దాటడానికి ఎంత కావాలో అంతే కట్టాలి.

తెలివైన పద్ధతే. కానీ పక్కవాడు ఎంత పాడాడో ఇక కనపడదు. ఆ యాడ్‌కి గూగుల్ ఎన్ని మార్కులు వేసిందో కూడా కనపడదు. వేలంపాట గుడి ముందు నుంచి గది లోపలికి వెళ్లిపోయింది.

ఓవర్చర్ ఊరుకోలేదు. 2002లో పేటెంట్ కేసు వేసింది. 2003లో ఓవర్చర్‌ని యాహూ దాదాపు 163 కోట్ల డాలర్లకి కొనేసింది. 2004లో, షేర్ మార్కెట్‌కి వెళ్లబోయే ముందు, గూగుల్ 27 లక్షల షేర్లు యాహూకి ఇచ్చి కేసు రాజీ చేసుకుంది. అదే 2004లో గూగుల్ మన హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ ఆఫీసులు తెరిచింది.

పచ్చగీత కోసం పరుగు

యాడ్స్ సంగతి ఇలా ఉంటే, డబ్బు కట్టకుండా పైకి రావాలనుకునేవాళ్ల సంగతేంటి? 2000 డిసెంబర్‌లో గూగుల్ టూల్‌బార్ వచ్చింది. మీరు ఏ సైట్ తెరిచినా, దాని పేజ్‌ర్యాంక్ ఎంతో సున్నా నుంచి పది దాకా ఒక పచ్చగీతలో చూపించేది. వేరే సైట్లు ఇచ్చే లింకుల్ని బట్టి వేసే మార్కు అది.

మార్కు కనపడగానే దానికి బేరం మొదలైంది. ఎక్కువ మార్కున్న సైట్ల నుంచి లింకులు కొనడం, అమ్మడం. ఓక్లహోమాలో సెర్చ్‌కింగ్ అనే కంపెనీ 2002లో ఇదే వ్యాపారంగా పెట్టుకుంది. కొన్నాళ్లకి దాని పేజ్‌ర్యాంక్ పడిపోయింది. గూగుల్ కావాలనే తగ్గించిందని కోర్టుకెళ్లింది. 2003లో ఫెడరల్ కోర్టు కేసు కొట్టేసింది. కోర్టు చెప్పిన కారణం ఈ కథలో నాకు చాలా ముఖ్యం. పేజ్‌ర్యాంక్ అనేది గూగుల్ అభిప్రాయం, దాన్ని చెప్పుకునే స్వేచ్ఛ గూగుల్‌కి ఉంది అంది.

అంటే వేలమంది కొలతలా చూసి డబ్బు పోసిన నంబర్, చట్టం కళ్లకి ఒక కంపెనీ అభిప్రాయం. 2016లో గూగుల్ ఆ పచ్చగీత తీసేసింది. అప్పటికే దాని చోట్లోకి వేరే నంబర్లు వచ్చి కూర్చున్నాయి. సియాటిల్‌లోని మాజ్ కంపెనీ ఇచ్చే డొమైన్ అథారిటీ అందులో బాగా పేరున్నది. వంద మార్కులకి లెక్క. ఫ్రీలాన్సర్లు క్లయింట్లకి మొదట చూపించేది చాలాసార్లు అదే. కానీ అది మాజ్ లెక్క. గూగుల్ దాన్ని వాడదు. 2024లో బయటికొచ్చిన గూగుల్ లోపలి పత్రాల్లో సైట్ అథారిటీ అనే మాట కనపడింది. అది గూగుల్ సొంత లెక్క, దాని విలువ ఏ టూల్‌కీ కనపడదు.

ఉచితంగా ఇచ్చినవి వెనక్కి

2005లో గూగుల్ శాన్‌డియాగోకి చెందిన అర్చిన్ అనే కంపెనీని కొంది. సైట్‌కి ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ అది. అదే ఏడాది నవంబర్‌లో గూగుల్ అనలిటిక్స్ పేరుతో ఉచితంగా వదిలింది. జనం ఎంత ఎగబడ్డారంటే, కొత్త రిజిస్ట్రేషన్లు కొన్నాళ్లు ఆపేయాల్సి వచ్చింది. వాట్సాప్‌లో మీరు ఫార్వర్డ్ చేసే పొడవాటి లింకుల్లో యూటీఎం అని మూడు అక్షరాలు కనపడతాయి చూశారా? అందులో యూ అంటే అర్చినే.

ఆ రోజుల్లో మీ సైట్‌కి వచ్చినవాళ్లు ఏ మాట వెతికి వచ్చారో మీకు తెలిసేది. 2011 అక్టోబర్‌లో గూగుల్, లాగిన్ అయినవాళ్ల వెతుకులాటని ఎన్‌క్రిప్ట్ చేసింది. సైట్ ఓనర్లకి ఆ మాట కనపడటం ఆగిపోయింది. ప్రైవసీ కోసమన్నారు, మంచిదే. కానీ యాడ్స్‌కి డబ్బు కట్టేవాళ్లకి మాత్రం అందుతూనే ఉంది. 2013కల్లా ఇది దాదాపు అన్ని సెర్చ్‌లకీ వచ్చేసింది. అదే 2013లో, ఎవరైనా వాడుకోగలిగిన కీవర్డ్ టూల్ పోయి, యాడ్‌వర్డ్స్ అకౌంట్ ఉంటేనే తెరుచుకునే కీవర్డ్ ప్లానర్ వచ్చింది. 2016లో తక్కువ ఖర్చు పెట్టేవాళ్లకి అందులోనూ కచ్చితమైన లెక్క పోయింది. "వెయ్యి నుంచి పదివేలు" అని చూపిస్తుంది. వెయ్యికీ పదివేలకీ ఎంత తేడా! పచ్చళ్ల ఆంటీకి అది ఒక జాడీకీ పది జాడీలకీ ఉన్న తేడా. 2020లో, యాడ్స్‌కి డబ్బు కట్టేవాళ్లకి కూడా, కొద్దిమందే వెతికిన మాటల్ని చూపించడం మానేసింది.

2011లోనే యాహూ కూడా, ఏ సైట్‌కి ఎవరు లింక్ ఇచ్చారో ఉచితంగా చూపించే సైట్ ఎక్స్‌ప్లోరర్‌ని మూసేసింది.

ఇప్పుడు టూల్ కంపెనీల వైపు చూడండి. మాజ్ 2007లో నెలవారీ చందా మొదలుపెట్టింది. సెమ్‌రష్ 2008లో పుట్టింది, 2021లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌కి వెళ్లింది. సింగపూర్ నుంచి నడిచే అహ్రెఫ్స్, సొంతంగా వెబ్ అంతా తిరిగి లింకులు లెక్కపెట్టి ఎదిగింది. సెర్చ్ ఇంజన్లు ఇవ్వడం తగ్గించినకొద్దీ వీళ్లకి గిరాకీ పెరిగింది. ఇందులో మోసం ఏమీ లేదు. జనానికి అవసరం ఉంది, వీళ్లు అంచనా కట్టి అమ్మారు. కాకపోతే అది అంచనా అనే సంగతి, మన చేతికి వచ్చేసరికి మరుగున పడిపోతుంది.

మరి ఆ అంచనా దేనితో కడతారు?

కొంత సొంతంగా వెబ్ తిరిగి. కొంత గూగుల్ ఫలితాల్ని పదేపదే తీసి చూసి. కొంత కీవర్డ్ ప్లానర్ నుంచి. ఇంకొంత జనం బ్రౌజింగ్ నుంచి. ఈ చివరిది ఫోన్ చేతిలో పట్టుకున్న ప్రతి ఒక్కరూ వినాలి.

అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీకి జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ఉండేది. యాంటీవైరస్ వేసుకున్నవాళ్లు ఏ సైట్లు చూశారో ఆ డేటాని అది అమ్మేది. మార్కెటింగ్ కంపెనీలు కొనేవి, కొన్ని ఎస్ఈవో టూల్స్ కూడా కొనేవి. 2020 జనవరిలో పత్రికలు ఈ సంగతి బయటపెట్టగానే జంప్‌షాట్ మూతపడింది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీలో అవాస్ట్ 1.65 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. వైరస్ రాకుండా వేసుకున్న సాఫ్ట్‌వేరే కాపలా కాస్తూ కాస్తూ ఇంట్లో సంగతులు అమ్మేసిందన్నమాట.

యాడ్స్ వైపు కూడా అన్నీ మన చేతిలో ఉండవు. 2023లో వాషింగ్టన్‌లో గూగుల్ మీద జరిగిన కేసులో, ఆ కంపెనీ యాడ్స్ విభాగం పెద్ద జెర్రీ డిష్లర్ సాక్ష్యం చెప్పాడు. వేలంలో మార్పులు చేసి ధరలు 5 శాతం దాకా, ఒక్కోసారి 10 శాతం దాకా పెంచిన సందర్భాలున్నాయని, అలాంటివి సాధారణంగా యాడ్స్ ఇచ్చేవాళ్లకి చెప్పమని ఒప్పుకున్నాడు. 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా, సెర్చ్‌లో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకుందని తీర్పిచ్చారు. కాబట్టి మీ క్లిక్ ధర పెరిగితే, "మీ సెట్టింగ్స్ మా టూల్‌తో సరిచేస్తాం" అనే మాటని కాస్త ఆగి వినండి. ధర పెరిగింది మీ సెట్టింగ్స్ వల్లే కాకపోవచ్చు.

అయితే టూల్ కొనాలా వద్దా?

కొనద్దని నేను అనను. ఏది కొనాలో చూసేటప్పుడు, ఫీచర్ల పట్టిక కంటే ముందు ఒక్క ప్రశ్న అడగండి. ఈ నంబర్ ఎవరు లెక్కపెట్టారు, ఎవరు ఊహించారు?

పరీక్ష కూడా కష్టం కాదు. గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం. మీ సైట్ ఏ మాటలకి ఎన్నిసార్లు కనపడిందో, ఎన్ని క్లిక్‌లు వచ్చాయో 16 నెలల లెక్క ఇస్తుంది. మరీ అరుదైన మాటలు దాచినా, అది లెక్కపెట్టిన డేటా. టూల్ ట్రయల్‌లో ఉండగానే, మీ సైట్‌కి ఎంతమంది వస్తున్నారని అది చెప్తోందో, కన్సోల్ ఏం చెప్తోందో పక్కపక్కన పెట్టండి. మీ సైట్ విషయంలోనే బాగా తప్పితే, పోటీవాడి సైట్ గురించి చెప్పేది ఎంత నమ్మాలో మీకే అర్థమవుతుంది. రెండు మాటల్లో ఏది పెద్దదో పోల్చడానికి అంచనా పనికొస్తుంది. ఎన్ని జాడీలు పెట్టాలో చెప్పడానికి పనికిరాదు.

తెలుగుతో ఇంకో చిక్కు ఉంది. ఆవకాయని మనవాళ్లు తెలుగులో కొడతారు, ఇంగ్లీష్ అక్షరాల్లో నాలుగైదు రకాలుగా కొడతారు, మైక్‌లో చెప్తారు. టూల్ వీటిని వేరువేరు మాటలుగా లెక్కేస్తే, ఒక్కోటీ చిన్నగా కనపడుతుంది. లేదా అసలు కనపడదు.

ఇక పెద్ద టూల్స్ చందా తక్కువేం కాదు. అంత కట్టలేక టెలిగ్రామ్‌లో పదిమంది పంచుకునే లాగిన్ కొంటున్నారు. అవి ఎప్పుడు ఆగిపోతాయో తెలీదు, అందులో మీ క్లయింట్ వివరాలు ఇంకెవరు చూస్తున్నారో తెలీదు. దానికంటే అవసరమున్న ఒక్క నెల సొంతంగా కొని, పని పూర్తిచేసి, ఆటో పేమెంట్ ఆపేయడం నయం.

మావాడు ఏం చేశాడంటారా? కన్సోల్ తెరిచాడు. వెల్లుల్లి లేని పచ్చడి కోసం, ఇంగ్లీష్ అక్షరాల్లో రకరకాలుగా కొట్టి ఆ సైట్‌కి వచ్చినవాళ్లు కనపడ్డారు. టూల్‌లో ఆ మాటకి సున్నా. సైట్‌లో ఆ పచ్చడికి విడిగా ఒక పేజీ పెట్టాడు. జాడీలన్నీ అమ్ముడుపోలేదు, అబద్ధం చెప్పను. కానీ ఈ ఏడాది ఆంటీ ఎన్ని కాయలు కొనాలో వీడు స్క్రీన్ చూపించి చెప్పలేదు. నిరుటి ఆర్డర్ల పుస్తకం తెమ్మని అడిగాడు.

మీరు డబ్బు కట్టి వాడిన టూల్ ఏదైనా మీ సొంత లెక్కతో ఎంత తేడా చూపించిందో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.