సగం యూనిట్ ఆటో

2024 నవంబరు 26. ఢిల్లీ. రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఎదురుగా ఏపీ ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కూర్చుని ఉన్నారు. పిఠాపురంలో గెలిచి ఇంకా ఆరు నెలలు కాలేదు. మంత్రి ముందు పెట్టిన వినతుల్లో రెండు సొంత నియోజకవర్గానివి. పాదగయకీ, శ్రీపాద శ్రీవల్లభుడి సన్నిధికీ వచ్చే భక్తుల కోసం నాలుగు రైళ్లు పిఠాపురంలో ఆపాలి. సామర్లకోట–ఉప్పాడ రోడ్డు మీద గేటు తీసేసి పైవంతెన కట్టాలి. రైలు ఆగాలని ఒకటి. రైలు కోసం జనం ఆగకూడదని ఇంకొకటి. కాగితం మీద ఆ గేటుకి పేరు లేదు, అంకె ఉంది. లెవెల్ క్రాసింగ్ 431.

అక్కడి సాయంత్రాలకి తేదీతో పని లేదు. ఇలాంటి సాయంత్రం ఒకటి చూడనివాళ్లు ఊళ్లో ఉండరు. ఏలేరు ఆయకట్టులో కోతల రోజులు. సన్నగా జల్లు పడుతోంది. తడిసిన గడ్డి వాసన, డీజిల్ పొగ, బజ్జీల బండి మీద కాగుతున్న నూనె. గేట్‌మాన్ గదిలో ఫోన్ మోగింది. స్టేషన్ మాస్టర్ చెప్పిన నంబరు పుస్తకంలో రాసుకుని, బయటికొచ్చి హ్యాండిల్ తిప్పాడు. ఆఖరి బైకు వంగి దూరిపోయింది. గేటు పడింది. సామర్లకోట వైపు నుంచి దూసుకొచ్చిన ఆటో అంగుళం దూరంలో ఆగింది.

వెనక సీట్లో కుర్రాడు. మోకాలి కింద తువ్వాలు బిగించి ఉంది. చేలో కోస్తుంటే పాము కరిచింది.

“బాబాయ్‌గారూ, గేటు లేపండి! పాము కాటండీ!”

“నా చేతుల్లో లేదురా అబ్బాయ్.”

ఆ మాట నిజం. గేటుకి తాళం పడితేనే సిగ్నల్ పచ్చబడుతుంది. సిగ్నల్ ఇచ్చేశాక రైలు దాటేదాకా ఆ తాళం రాదు. అక్కడ అందరి తిట్లూ తినేది గేట్‌మానే. అందరికన్నా తక్కువ అధికారం ఉన్నదీ ఆయనకే. ఆటో డ్రైవరు పట్టాల వైపు మెడ చాచాడు. దూరంగా ఇంజను కూత వినపడింది.

గూడ్సు. ఇంజను రోడ్డుని వణికించుకుంటూ వచ్చేసింది, దాని వెనక బొగ్గు వ్యాగన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ, జల్లుకి నల్లటి నీళ్లు కార్చుకుంటూ, ఇదే చివరిది అనుకున్న ప్రతిసారీ ఇంకొకటి మలుపు తిరిగి కనపడుతూ, కుర్రాడి తల్లి వాడి చెంపలు తడుతూ ‘నిద్రపోకు నాన్నా’ అంటున్నంతసేపూ సాగి సాగి, ఎట్టకేలకు ఎర్ర దీపం చూపించి వెళ్లిపోయింది. ఇంజన్లు స్టార్టయ్యాయి. గేటు మాత్రం లేవలేదు.

రెండో లైనులో ఎక్స్‌ప్రెస్ వస్తోంది.

ఇది హౌరా–చెన్నై లైను. మెయిన్ లైను మా మీదుగా వెయ్యండి మహాప్రభో అని పక్కనున్న కాకినాడ దశాబ్దాలుగా అడుగుతోంది. పిఠాపురానికి అది అడక్కుండానే దక్కింది, గేటుతో సహా. పట్టాలూ, అటూ ఇటూ కాస్త నేలా రైల్వేది. రోడ్డు ఆర్ అండ్ బీది. మురుగు కాలవ మున్సిపాలిటీది. స్తంభాలు కరెంటు వాళ్లవి. భూమి సేకరించాల్సింది రెవెన్యూ. వీళ్లందరి ఫైళ్లూ ఒక బల్ల మీదికి చేరితేనే వంతెన లేస్తుంది.

దానికి మొదట లెక్క కావాలి. రోజుకి వెళ్లే రైళ్లని వాహనాల యూనిట్లతో హెచ్చవేస్తారు. లక్ష దాటితే ఖర్చు రైల్వే సగం, రాష్ట్రం సగం పెట్టుకునే వంతెనకి అర్హత. లారీ ఒక యూనిట్. మోటార్ సైకిల్ పావు. చిత్రమేమిటంటే, ఎందరు ఎక్కినా ఆటో అర యూనిటే. ఉప్పాడ చేపల గంప నెత్తిన పెట్టుకుని నిలబడ్డ ఆవిడ అసలు లెక్కలోనే లేదు.

రాష్ట్రం తన సగం తేలేక ఆగిన వంతెనలు ఎన్నో. అందుకే సేతుబంధన్ పథకం. పెట్రోలు, డీజిలు సెస్సుతో నిండే కేంద్ర నిధి నుంచి డబ్బొస్తుంది. గేటు దగ్గర నిలబడి తగలేసిన డీజిలూ ఆ ఖాతాలోకే. ఢిల్లీ భేటీకి కాస్త అటూ ఇటూగా పిఠాపురానికి ఆ పద్దులో సుమారు 60 కోట్లు మంజూరయ్యాయి. పిఠాపురం ప్రాంత అభివృద్ధి సంస్థ ‘పాడా’కి మంత్రివర్గం ఒప్పుకున్నదీ ఆ నవంబరులోనే. డబ్బొచ్చినంత మాత్రాన అయిపోదు. గుంటూరు శంకర్ విలాస్ వంతెనదీ ఇదే పద్దు. అక్కడ వ్యాపారులు హైకోర్టు మెట్లెక్కారు. వంతెన నీడ పడే కొట్టువాణ్ణి ముందే పిలిచి కూర్చోబెట్టకపోతే, వాడు కాగితం పట్టుకుని ఎదురు కూర్చుంటాడు.

ఎక్స్‌ప్రెస్ పెద్ద గాలి కొట్టి మాయమైంది. తాళం వచ్చింది. గేటు లేచింది.

ఎవరూ కదల్లేదు.

కదలడానికి చోటేదీ? ఇటు రోడ్డంతా ఇటువాళ్లే. అటు రోడ్డంతా అటువాళ్లే. పట్టాల మధ్య హెడ్‌లైట్లు ముఖాముఖీ నిలబడ్డాయి. కుర్రాడు వాంతి చేసుకున్నాడు.

అవతల ఆర్టీసీ బస్సు డ్రైవరు తలుపు తోసుకుని దిగాడు. ఆటోలోకి ఒక్క చూపు చూశాడు. వెనక్కి తిరిగి అరిచాడు.

“ఏవండీ బైకులూ, వెనక్కెళ్లండి! నేను బస్సు తీస్తాను, ఆయ్!”

“మేమెందుకెళ్లాలండీ?”

చేపలావిడ గంప దించి బైకు ముందు పెట్టేసింది. “పిల్లోడికి పాము కరిసిందంట. ఎల్తావా, నీసు నీళ్లు పొయ్యమంటావా?”

బైకు వెళ్లింది. దాని వెనక పది వెళ్లాయి. బస్సు అంగుళమంగుళంగా వెనక్కి జరిగి కాలవ గట్టుకి ఆనుకుంది. గేట్‌మాన్ పచ్చజెండా చంకలో పెట్టుకుని పట్టాల మధ్యకొచ్చాడు. రెండు చేతులూ ఊపుతూ ఆటోని పిలిచాడు.

అర యూనిట్ గతుక్కుమంటూ పట్టాలు దాటి ఆస్పత్రి వైపు తిరిగింది. బస్సు మాత్రం గట్టు మీదే ఇరుక్కుపోయింది. ముందుకి రావడానికి ఎవరూ దారివ్వడం లేదు.