వంశం, సంస్కారం, సంఖ్య: కృష్ణా మెట్టసీమలో రావిమొక్క చరిత్ర

ఉపోద్ఘాతం

రెడ్డిగూడెం, నూజివీడు ప్రాంతాలు మామిడి తోటలకు ప్రసిద్ధి. ఇక్కడి రైతు మామిడి మొక్కను కొనేటప్పుడు ముందుగా విచారించేది దాని తల్లిచెట్టును గురించే. చిన్నరసమైనా, పెద్దరసమైనా, బంగినపల్లి అయినా ఆ రకం అంటు ద్వారానే నిలుస్తుంది. టెంకనుంచి మొలచిన మొక్క తల్లి గుణాన్ని నిలుపుతుందన్న నమ్మకం లేదు. గుడి ముందు నాటడానికి రావిమొక్కను తెచ్చినప్పుడు మాత్రం ఈ విచారణ సాధారణంగా ఉండదు. అది ఏ చెట్టు సంతానమో అమ్మేవారు చెప్పరు, కొనేవారు అడగరు. పండ్లకోసం నాటే చెట్టుకు వంశం కావలసివచ్చి, ప్రదక్షిణం చేసే చెట్టుకు అక్కరలేకపోవడం పరిశీలించదగిన విషయం. ఈ ఉదాసీనతను నర్సరీ వ్యాపారం తెచ్చిన మార్పుగా భావించడం సులభం. అది అంతకంటె చాలా పాతదని, నర్సరీ తెచ్చిన మార్పు మరొకటని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వంశం: బోధివృక్షం

రావిచెట్టుకు వంశమే ప్రాణంగా ఉన్న కాలం ఒకటుంది. బౌద్ధులకు ప్రతి రావిచెట్టూ అశ్వత్థమే కాని, ప్రతి అశ్వత్థమూ బోధి కాదు. బుద్ధగయలోని వృక్షంతో సంబంధమున్నదే పూజార్హమైన బోధి. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దిలో సంఘమిత్త ఆ వృక్షపు దక్షిణ శాఖను సింహళానికి తీసుకొనిపోయిందని, దేవానాంపియ తిస్సుడు దానిని అనురాధపురంలో నాటించాడని ‘మహావంశం’ చెబుతుంది. ఆ వృత్తాంతంలోనే మరొక వివరం మన విషయానికి మరింత ముఖ్యమైనది. అక్కడ ఆ చెట్టు పండు విత్తనాలనుంచి 8 మొక్కలు మొలిచాయి. వాటిలో ఒకటి జంబుకోల రేవులోనూ, తక్కినవి వేరువేరు స్థలాలలోనూ నాటబడ్డాయి. అటుపై మరి 32 మొక్కలు మొలిచి ద్వీపంలోని విహారాలకు చేరాయి. పురాణాంశాలను తొలగించి చూస్తే, ఇది ఒక మాతృవృక్షంనుంచి మొక్కలు పెంచి నిర్ణీత స్థలాలకు పంపిణీ చేసిన వ్యవస్థ. దీనిలో మొక్క విలువ దాని చిరునామాలో ఉంది.

ఈ సంప్రదాయం కృష్ణాతీరానికీ వచ్చింది. అమరావతి శిల్పాలలో శూన్యాసనం మీద బోధివృక్షం బుద్ధునికి మారుగా నిలిచి పూజలందుకొంటుంది. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరంలో ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనం ఆమె చేసిన ధర్మకార్యాలను పేర్కొంటూ, సింహళ విహారంలో బోధివృక్షానికి కట్టించిన ప్రాసాదాన్ని కూడా చెబుతుంది. ఆ చెట్టు ఎక్కడినుంచి వచ్చిందో శాసనంలో లేదు. అయితే అది సింహళ భిక్షువుల పేరిట ఏర్పడిన విహారంలో ఉండటమూ, దానికి ప్రత్యేకంగా కట్టడం అవసరం కావడమూ గమనిస్తే, దానిని స్థానికంగా మొలచిన సామాన్యమైన రావిచెట్టుగా భావించడం కష్టం. అనురాధపుర సంబంధం ఊహమాత్రమే అయినా సమంజసమైన ఊహ. అదే రాజు 20వ సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి జగ్గయ్యపేట మహాచైత్యానికి ఐదు ఆయక స్తంభాలు సమర్పించాడు. అంటే నందిగామ, జగ్గయ్యపేటల మెట్టసీమ కూడా ఈ ధర్మప్రపంచంలో భాగమే.

సంస్కారం: అశ్వత్థం

బౌద్ధవిహారాలు క్షీణించిన తరువాత కూడా రావిపూజ నిలిచింది. నిలిచిన పద్ధతి మాత్రం వేరు. బౌధాయన గృహ్యశేష సూత్రం అశ్వత్థానికి ఉపనయనం విధించింది. మత్స్యపురాణం వృక్షోత్సవ విధిని వివరించింది. తెలుగు గ్రామాలలో రావికి వేపతో పెళ్లి చేయడం, చుట్టూ అరుగు కట్టడం, మొదట నాగప్రతిమలను నిలపడం ఈ సంస్కార పరంపరకు చెందినవే. ఉపనయనంతో వటువు రెండవసారి జన్మిస్తాడన్న భావం మొక్కకూ వర్తిస్తే, మొదటి జన్మ ఎక్కడ జరిగిందన్న ప్రశ్న వెనుకబడుతుంది. బోధికి పవిత్రత వంశంనుంచి వస్తే, అశ్వత్థానికి సంస్కారంనుంచి వచ్చింది.

చెట్టు స్వభావం కూడా దీనికి తోడ్పడింది. రావి విత్తనం అతిసూక్ష్మం. పండును తిన్న పక్షుల ద్వారా అది గోడల పగుళ్లలో, తాటిమానుల మీద, పాడుబడ్డ బావుల అంచుల్లో మొలుస్తుంది. ఇంటిగోడకు మొలచిన రావిని నరకడానికి జంకి, వేళ్లతో పెకలించి చెరువుగట్టునో గుడి ఆవరణలోనో నాటే అలవాటు నేటికీ ఉంది. పల్లెకు నర్సరీ పక్షే. అది తెచ్చిన మొక్కకు తండ్రి ఎవరో తెలియకపోయినా, అది ఆ పరిసరాల చెట్ల సంతానమే కావడానికి అవకాశం ఎక్కువ. రావికాయలోని పూలను ఫలదీకరించేది కందిరీగల జాతికి చెందిన సూక్ష్మకీటకం. అందువల్ల విత్తనంలో తల్లిచెట్టుతో పాటు వేరొక చెట్టు అంశ కూడా చేరుతుంది.

జగ్గయ్యపేట మండలంలో రావిరాల, రావికంపాడు అనే గ్రామాలున్నాయి. ఈ పేర్లలోని తొలిపదం చెట్టుపేరే కావచ్చును. రావి ఇంటిపేరుగా కూడా ఉన్నందువల్ల శాసనాధారం లేకుండా నిశ్చయించరాదు. ఊరిపేరు చెట్టునుంచే వచ్చినదైతే, అక్కడ చెట్టుకు ఊరే చిరునామా కాక, ఊరికి చెట్టు చిరునామా అయింది.

సంఖ్య: నర్సరీ మొక్క

తూర్పుగోదావరిలోని కడియం, కడియపులంక, వేమగిరి ప్రాంతాలు నేడు తెలుగు నేలకు ప్రధాన నర్సరీ కేంద్రాలు. రావిని రెండు విధాలుగా పెంచవచ్చు. పండిన కాయలను ఆరబెట్టి, నలిపి, మెత్తని మట్టిలో చల్లి, మొలకలను సంచులలోకి మార్చడం ఒకటి. కొమ్మను నాటడమో గాలి అంటు కట్టడమో రెండవది. మొదటి పద్ధతిలో ఒక్క చెట్టు కాయలనుంచే వేలకొలది మొలకలు లభిస్తాయి. పక్షి ఒక్కొక్కటిగా చేసిన పనిని నారుమడి ఒక్కసారిగా చేస్తుంది.

ఈ మొక్కలకు గిరాకీ గుడులనుంచి మాత్రమే రాలేదు. జగ్గయ్యపేట దాటితే వచ్చే తెలంగాణలో 2015లో హరితహారం ఆరంభమైంది. 2018 పంచాయతీరాజ్ చట్టం గ్రామానికొక నర్సరీ ఉండాలని, నాటిన మొక్కలలో 85 శాతం బతకాలని నిర్దేశించింది. ఇటువంటి కార్యక్రమాలలో రావి కూడా లెక్కలోని ఒక మొక్క. ఎన్ని నాటారు, ఎన్ని బతికాయి అన్నవి నమోదవుతాయి. ఏ చెట్టుదన్నది నమోదు కాదు.

వంశాన్ని మరిపించినది నర్సరీ కాదని పై చరిత్ర వల్ల స్పష్టం. ఆ పని సంస్కారం ఎప్పుడో చేసింది. నర్సరీ మార్చినది చెట్టుకూ ఊరికీ ఉన్న సంబంధాన్ని. గోడమీది మొలక ఊరి చెట్టు బిడ్డ; లారీలో వచ్చిన మొక్క ఊరికి కొత్తది. రహదారి విస్తరణలో పాత రావి కూలి, దాని స్థానంలో లారీ మొక్క నాటబడినప్పుడు పూజ ఆగదు, నీడా కొన్నేళ్లకు తిరిగివస్తుంది. ఆ స్థలంలో తరతరాలుగా నిలిచిన జీవధార మాత్రం తెగిపోతుంది.

ముగింపు

ఈ తెగింపు అనివార్యం కాదు. 1876లో తుపాను గాలికి బుద్ధగయ చెట్టు కూలేనాటికే దాని విత్తనాలు సేకరించి ఉన్నాయని, పిల్లమొక్కలు సిద్ధంగా ఉన్నాయని కన్నింగ్‌హామ్ రాశాడు. మన గ్రామాల రావిచెట్లకు ఆ పాటి జాగ్రత్త సాధ్యమే. ఊరిచెట్టు కాయలను గ్రామనర్సరీలోనే మొలిపిస్తే సంఖ్యకు లోటు రాదు, వంశమూ నిలుస్తుంది. పరిశోధకులుగా మన బాధ్యత మరొకటి ఉంది. గ్రామనామాలనూ, రావి-వేప పెళ్లి విధులనూ సేకరించేటప్పుడు ఆ చెట్టును ఎవరు, ఎక్కడినుంచి తెచ్చి నాటారన్న ప్రశ్నను కూడా చేర్చాలి. బోధిసిరి శాసనం ప్రాసాదాన్ని చెప్పి, చెట్టు పుట్టుకను చెప్పలేదు. ఆ ఖాళీని మన క్షేత్రపర్యటన పత్రాలలో మళ్లీ వదలరాదు.